మంచె కింది నీడ

హసన్‌పర్తి
9 ఏప్రిల్ 1962

చిరంజీవి తమ్ముడు సారంగపాణికి విజ్జక్క దీవెనలు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. పశువుల డాక్టరు చదువులో పడి మనుషుల్ని మరిచిపోయాడని మీ బావ నవ్వుతున్నారు. ఆయనకేం, పొద్దున్నే సైకిలెక్కి బీటు బజారు దుకాణానికి పోతే దీపాలు పెట్టాక గాని రారు. ఇక్కడ ఈ తోటలో ఎండా, కోళ్ళూ, అత్తమ్మా, నేనూ.

కోళ్ళ గురించే ఈ ఉత్తరం. ఈ బాగోతం నా నెత్తిన పెట్టింది నువ్వే కాబట్టి నువ్వే వినాలి. మీ మిల్లులో నూకలు, తవుడు వృథాగా పోతున్నాయి, బ్లాకు ఆఫీసు వాళ్ళు సీమకోడి పిల్లల్ని ఇస్తున్నారు, పెంచరాదా అక్కా అని రెచ్చగొట్టావు. కోమటోళ్ళ ఇంట్లో కోళ్ళేమిటి అని ఊరంతా నోరు తెరిచింది. పుంజు లేకుండా పెట్టిన గుడ్డులో ప్రాణం ఉండదని నువ్వు వచ్చి అత్తమ్మ ముందు కూర్చుని గంటసేపు నచ్చజెప్పాక గాని ఆమె తల ఊపలేదు. ఊపినా ఊరికే ఊపిందా! గుడ్డు ఇంటి గడప దాటి లోపలికి రావద్దు. ఒక్క కోడినీ కత్తికి అమ్మొద్దు. చచ్చిన కోడి సంగతి ఆమె చెప్పినట్టే జరగాలి. సరేనన్నాను. ఏడాదిగా సాఫీగానే నడిచింది. దవాఖానకూ హనుమకొండ హోటళ్ళకూ గుడ్లు పోతున్నాయి. మా తెల్ల కోళ్ళను చూడడానికి జనం వస్తున్నారంటే నమ్ము.

ఇప్పుడు వచ్చింది కష్టం. మొదట ఎండదెబ్బకు రెండో మూడో పోయాయి. అది అనుకున్నదే. ఆ తర్వాత కొత్త రకం చావు మొదలైంది. పొద్దున కళకళలాడుతూ తిరిగిన కోడి మాపటికి కాళ్ళు మడిచి కూలబడుతుంది. రెక్కలు వాలుస్తుంది. మర్నాటికి మెడ కూడా వాలిపోతుంది. పది రోజుల నుంచి ఇదే వరస. టీకాలన్నీ వేయించాం. చిలుకమ్మ మేత వేళకు వేస్తూనే ఉంది, కడవలు రోజూ తోముతూనే ఉంది. ఆ మనిషి చేతి శుభ్రం నీకు తెలియనిది కాదు కదా, పోయినసారి నీ చెప్పులు కడిగి గాని కొట్టంలోకి రానివ్వలేదు.

బతికినవి మాత్రం ఏ చింతా లేకుండా మధ్యాహ్నం కాగానే మంచె కింది నీడకు పేరంటానికి పోయినట్టు పోయి చేరుతున్నాయి. వాటిని చూస్తే నవ్వొస్తుంది, పడిపోయిన వాటిని చూస్తే ఏడుపొస్తుంది. ఏమిటిది? వెంటనే రాయి.

నీ అక్క
విజయలక్ష్మి

*

హైదరాబాదు, హాస్టలు
16 ఏప్రిల్

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం చదివి అన్నం ముందు నుంచి లేచి వచ్చాను. కోపగించుకోకు, నీ కోళ్ళు చస్తున్నాయని బాధగానే ఉంది గాని, నిజం చెప్పాలంటే బాధకంటే కుతూహలం ఎక్కువగా ఉంది. మా సారు ఎప్పుడూ అంటారు, జంతువుకు నోరు లేదు కనక మనకు కళ్ళు రెండింతలు ఉండాలని. నా కళ్ళు ఇక్కడ పరీక్షల పుస్తకాల్లో ఇరుక్కున్నాయి. నెలదాకా కదలలేను. కాబట్టి కొన్నాళ్ళు నీ కళ్ళు నాకు అప్పివ్వు.

మెడ వాలిందని ఒక్క మాట రాసి ఊరుకున్నావు. అక్కడే ఉంది అసలు సంగతి. మెడ తిరిగిపోతోందా, వాలిపోతోందా? కొక్కెర తెగులైతే మెడ మెలి తిరుగుతుంది, తల వెనక్కి పోతుంది, కోడి వణుకుతుంది, నోరు తెరిచి ఎగపోస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది. అలా ఉందా? లేక మెడలో ఎముకే లేనట్టు వేలాడుతోందా? రెండోది, ఏ కోళ్ళు ముందు పడుతున్నాయి? బక్కవా, బలమైనవా? పడినవి అన్నీ చస్తున్నాయా, లేచేవి ఉన్నాయా? చివరగా ఇంకొకటి. చచ్చినవాటిని ఏం చేస్తున్నారు? లోతుగా పాతిపెట్టమనో కాల్చమనో పోయినసారి మరీ మరీ చెప్పి వచ్చాను.

పడిపోయిన వాటిని నీడలో పెట్టి, తల పైకెత్తి పట్టుకుని చుక్క చుక్కగా నీళ్ళు పట్టు. తల వాలితే నీళ్ళ గిన్నెలోనే ముక్కు మునిగి చచ్చిపోతాయి.

ఒక రహస్యం. హాస్టల్లో గుడ్డు తిన్నాను. బాగుంది. అమ్మకు చెప్పకు.

తమ్ముడు
సారంగపాణి

*

హసన్‌పర్తి
27 ఏప్రిల్

చిరంజీవి తమ్ముడికి,

గుడ్డు తిన్నందుకు నీకు దీవెనలు లేవు. (ఎట్లా ఉంటుందో మాత్రం రాయి. ఏడాదిగా లెక్కలేనన్ని అమ్మాను, ఒక్కటి నోట పెట్టుకోలేదు.)

నీ ప్రశ్నలు చదివాక కొట్టంలో కూర్చున్నాను. ఇన్నాళ్ళూ చూస్తున్నాననుకున్నాను గాని చూడలేదని అప్పుడు తెలిసింది. మెడ తిరగడం లేదు. వణుకు లేదు, ఎగపోత లేదు. తడిసిన గుడ్డపేలిక ఎట్లా ఉంటుందో అట్లా వేలాడుతుంది. చేత్తో ఎత్తితే ఎత్తినచోట ఉంటుంది, వదిలితే నేలమీద పడుతుంది. ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, ఆ తర్వాత మెడ, చివరకు కంటి రెప్పలు. రెప్పలు సగం వాలి ఉంటాయి. కానీ సారంగా, ఆ సగం రెప్పల కింది నుంచి కోడి నన్ను చూస్తోంది! దానికి అన్నీ తెలుస్తున్నాయి. నేను చెయ్యి పెడితే లేవాలని చూస్తుంది, లేవలేదు. ఆ చూపు తట్టుకోలేక ఇవతలికి వచ్చేశాను. ఇంకో వింత, ఎత్తబోతే ఈకలు చేతికి ఊడి వస్తున్నాయి.

ముందు పడేవి బలమైనవే. మేత దగ్గర అన్నిటినీ నెట్టేసి ముందుకు వచ్చేవి, బాగా గుడ్లు పెట్టేవి. ఆ బక్కది, కుంటిది, ఎప్పుడూ వెనకబడేది, అది మాత్రం గుండ్రాయిలా తిరుగుతోంది. నీళ్ళు పట్టమన్నావు కదా, పట్టాను. కొన్ని రెండు మూడు రోజులకు లేచి నిలబడ్డాయి! ఒకటి లేచి నా కొంగు పొడిచింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

కానీ ఇంట్లో గొడవ ముదిరింది. అత్తమ్మకు చిలుకమ్మ మీద అనుమానం. మేత వేసేది ఆమె. ఇక్కడి కోళ్ళు చస్తుంటే చెరువు అవతల గుడిసెలో ఆమె నాటుకోళ్ళు ఒక్కటీ చావలేదు. దానికి తోడు ఎండదెబ్బకు మొదటి కోళ్ళు పోయినప్పుడు చిలుకమ్మ అడగనే అడిగింది, "పారేసుడేనాయె, గా కోడి నాకియ్యరాదు పెద్దమ్మా, పిలగాండ్లు కూరొండుకోని తింటరు" అని. అత్తమ్మ ఇవ్వలేదు. ఆ మాట ఇప్పుడు తిరగేసి, "తినబుద్దయ్యి మందు పెడ్తాంది" అంటోంది. మీ బావ కూడా అవుననడు, కాదనడు. అదే నాకు భయం. చిలుకమ్మ పెనిమిటి పోయి ఏడేళ్ళు. ఈ పని తప్ప ఇంకో ఆధారం లేదు. విషం పెట్టిన మనిషి అని పేరు పడితే ఈ చుట్టుపక్కల ఎవరి గడపా ఎక్కలేదు.

విషమేనా తమ్ముడూ? విషమైతే ఎవరిది? జవాబు త్వరగా రాయి.

అక్క

*

(కార్డు)

హైదరాబాదు
1 మే

అక్కా, నువ్వు ఎంత బాగా చూశావో నీకు తెలియదు. నీ ఉత్తరం మా సారుకు చదివి వినిపించాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, "ఈమె ఏం చదివింది?" అని అడిగారు. అయితే అన్నిటికీ జవాబు రాసి చివరి ప్రశ్న ఒక్కటి తప్పించావు. చచ్చినవాటిని ఏం చేస్తున్నారు? దాటవేయకు. చిలుకమ్మను పనిలోంచి తీయనివ్వకు. సారంగపాణి.

*

హసన్‌పర్తి
8 మే

తమ్ముడికి,

నీ కార్డు చేరేలోపే అయిపోయింది. మొన్న అంగడి రోజు, కూరగాయల వాళ్ళ ముందర, అందరూ వింటుండగా అత్తమ్మ చిలుకమ్మను నిలేసింది. "అన్నం పెట్టిన ఇంట్ల మందు పెట్టినవు, నీ కడుపు సల్లగుండ, నా కండ్ల ముందట్కెల్లి పో" అంది. చిలుకమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. చేతిలో ఉన్న కూరగాయల తట్ట నేలమీద పెట్టి, "నేను పెట్టలే పెద్దమ్మా" అని ఒక్క మాట అంది. సాయంత్రానికి గుడిసెకు తాళం వేసి పిల్లల్ని తీసుకుని స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న పెద్దబిడ్డ రాజక్క దగ్గరికి పోయింది. నేను పక్కనే ఉన్నాను. అత్తమ్మ ముందు ఇన్నేళ్ళలో నేను ఎదురు మాట అన్నది లేదు, ఆ వేళ కూడా అనలేకపోయాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

చచ్చినవాటి సంగతి. రాయనిది నీకు కోపం వస్తుందనే. పాతిపెట్టడం లేదు, కాల్చడం లేదు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "మన్నుల పెడితే ఎవలికి పుణ్యం? వంట జేసుకునే అగ్గితోని మాంసం కాలుస్తరా?" అంది. చచ్చిన జీవి ఇంకో జీవి ఆకలి తీర్చాలట. అందుకని జొన్నచేను కాపలాకు వేసిన పాత మంచె ఉంది కదా, దాని మీద పెట్టిస్తుంది. గద్దలు, కాకులు వస్తాయి. అత్తమ్మ అరుగు మీద కూర్చుని చేయెత్తి దండం పెడుతుంది. నోరులేని గద్దలకైనా ఆ పూట కడుపు నిండిందని ఆమెకు అదో తృప్తి. చూస్తే నీకు కూడా నోరు రాదు. అంత మెత్తని మనసు చిలుకమ్మ మీద ఎట్లా బండబారిందో నాకు అర్థం కాదు.

చిలుకమ్మ పోయాక మేత నేనే వేస్తున్నాను. నిన్న మళ్ళీ ఐదు పడ్డాయి. నా చేతి మేత తిని! ఆ మాట అత్తమ్మతో అంటే, "పోయెటప్పుడు ఏం జల్లి పోయిందో" అంది.

అక్క

*

హైదరాబాదు
14 మే

అక్కా,

మంచె అన్న మాట దగ్గర ఆగిపోయాను. నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అప్పుడే రాశావు నువ్వు. నేనే పట్టుకోలేదు.

నాకు ఒక అనుమానం ఉంది. ఏమిటో చెప్పను. చెబితే నువ్వు చూసేది నేను చెప్పినట్టే కనబడుతుంది, అది లాభం లేదు. నువ్వే చూసి నాకు చెప్పు. ఇది అందాక ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతున్నప్పుడు మంచె కిందికి పోయి కూర్చో. కోళ్ళు అక్కడ నీడకే వస్తున్నాయా? కొట్టం నీడ ఉంది, చింతచెట్టు నీడ ఉంది, ఆ బెత్తెడు నీడ కోసం అంత దూరం ఎందుకు పోతున్నాయి? ముక్కు మూసుకునైనా చూడు.

రెండోది అడగడానికి సిగ్గుగా ఉంది. కొత్తగా చచ్చిన కోడి మెడ కింద తిండి సంచి ఉంటుంది, తడిమితే తెలుస్తుంది. దాన్ని కోసి లోపల ఏముందో చూడాలి. మనింట పుట్టినదానివి, ఉల్లిగడ్డ కోయడానికే అత్తమ్మ పర్మిషన్ కావాలి నీకు, తెలుసు. చేతగాకపోతే వద్దు. చేతనైతే కోశాక సబ్బుతో చేతులు బాగా కడుక్కో.

మూడోది. కొన్ని కోళ్ళను మంచె దగ్గరికి పోలేకుండా గంపల కింద మూసిపెట్టు. అన్నిటికీ అదే మేత, అవే నీళ్ళు, నీ చేత్తోనే. ఏవి పడతాయో చూడు.

తమ్ముడు

*

హసన్‌పర్తి
25 మే

సారంగా,

కోశాను.

అత్తమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని, మీ బావ గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని గోదాం వెనక్కి పోయాను. కళ్ళు మూసుకుని కోస్తే వేలు తెగుతుందని ఒక కన్ను తెరిచాను. తర్వాత ఏమైందో తెలియదు, రెండో కన్ను కూడా తెరుచుకుంది. భయం ఎటు పోయిందో పోయింది. లోపల ఏముందో చూడాలన్న ఆత్రమే మిగిలింది. నీకు పిచ్చి ఎందుకు పట్టిందో అప్పుడు తెలిసింది. లోపల నూకలు ఉన్నాయి. నూకల్లో తెల్లగా, లావుగా, ఇంకా కదులుతున్న పురుగులు. ఈగల పిల్ల పురుగులు. గుప్పెడు ఉంటాయి. రెండో కోడిని కోశాను. అవే. మూడోదాన్ని కూడా కోశాను, అవసరం లేకున్నా.

అంతకుముందు రోజే మంచె కింద కూర్చున్నాను. కంపు సంగతి అడగకు. కాసేపటికి నా తల మీద ఏదో పడింది. తీసి చూస్తే పురుగు. గద్దలు మెత్తటిది పీక్కుని పోతాయి, మిగిలినది ఎండకు పైన అట్లాగే కుళ్ళుతుంది, దానికి పట్టిన పురుగులు వాసాల సందుల్లోంచి రాలుతున్నాయి. అది రాలే లోపే కోళ్ళు ఎగబడుతున్నాయి! బలమైనవి బక్కవాటిని తన్ని తరుముతున్నాయి. కుంటిదానికి ఒక్కటీ దక్కలేదు. నీడ కోసం కాదు తమ్ముడూ, పేరంటంలో పంచిపెట్టే వాయనం కోసం.

గంపల కింద మూసిన వాటిలో ఒక్కటీ పడలేదు. బయట తిరిగినవి మళ్ళీ పడ్డాయి.

ఇప్పుడు చెప్పు. పురుగు తింటే కోడి చస్తుందా? ఊరి కోళ్ళన్నీ పెంటకుప్పల మీద పురుగులు తినే బతుకుతున్నాయి కదా! ఈ పురుగులో ఏముంది? దానికి విషముంటే అది ఎట్లా బతికింది? రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఇదిగో, ఆ పురుగుల్ని హార్లిక్సు సీసాలో పోసి, మూతకు చిల్లులు పెట్టి, మీ బావకు ఇచ్చి పంపుతున్నాను. ఆయన మొహం చూడాలి! కాని గంపల సంగతి చూపించాక సీసా తీసి సంచిలో పెట్టుకున్నారు. రైల్లో ఎదుటి సీటాయన ఏముంది అని అడిగితే మందు అని చెబుతారట.

అక్క

*

హైదరాబాదు
9 జూన్

అక్కా,

బావ సీసా నా చేతిలో పెట్టి, "నాలుగు తరాలుగా వడ్లు కొలుస్తాన్నం, పురుగులు మోసుడు నాతోనే షురువాయె" అన్నారు. మా సారు ఆయనకు కుర్చీ వేసి టీ తెప్పించారు.

పరీక్ష అయిపోయింది. పరీక్షలంటే నావి కాదు, పురుగులవి. సారు వాటిని నూరి నీళ్ళలో కలిపి వడగట్టారు. అందులో సగం మరగబెట్టారు. మరగబెట్టని నీళ్ళు సూదితో ఎక్కించిన చిట్టెలుకలు మర్నాటికి కాళ్ళు చాపేశాయి, నీ కోళ్ళ మాదిరే మెత్తబడి పోయాయి. మరగబెట్టినవి ఎక్కించినవి ఇంకా గింజలు కొరుకుతున్నాయి.

నువ్వు అడిగినదానికి జవాబు. తప్పు పురుగుది కాదు. చచ్చిన దేహం లోపల గాలి ఆడని చోట, వేడికి, కంటికి కనబడని ఒక సూక్ష్మజీవి పెరుగుతుంది. మట్టిలో ఎక్కడైనా ఉంటుంది అది, ఊరికే నిద్రపోతూ. కుళ్ళే మాంసం దొరికితే లేస్తుంది. లేచి ఒక విషం చేస్తుంది. పురుగు ఆ మాంసం తింటుంది, దానికేమీ కాదు, విషం మాత్రం దాని ఒంట్లో ఉంటుంది. కోడి పురుగును తింటుంది. అప్పుడు నరం కండకు పంపే కబురు మధ్యలో ఆగిపోతుంది. లే అని మెదడు అంటూనే ఉంటుంది, కాలికి వినబడదు. నువ్వు చూసిన ఆ చూపు అదే అక్కా. కోడికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. పెంటకుప్ప పురుగులో ఈ విషం ఉండదు, ఎందుకంటే అక్కడ చచ్చిన కోడి లేదు. ఇక్కడ పడినదాన్ని పడినట్టు మంచె ఎక్కిస్తున్నారు, అది ఇంకో నాలుగింటిని పడేస్తోంది, ఆ నాలుగూ మళ్ళీ మంచె ఎక్కుతున్నాయి. ఎండదెబ్బకు పోయిన మొదటి కోళ్ళతో మొదలైంది ఇదంతా.

మంచె పీకించు. కింది మట్టి లోతుగా తీయించి సున్నం చల్లించు. చచ్చినదాన్ని ఆ రోజే కాల్చు. అంతే, ఆగిపోతుంది.

ఒక సంగతి నన్ను తినేస్తోంది. చచ్చిన కోడిని తినమని ఎవరికీ చెప్పను, అది వేరే మాట. కానీ ఆ మొదటి కోళ్ళను చిలుకమ్మ అడిగినప్పుడు ఇచ్చి ఉంటే అవి ఆమె కుండలో ఉడికేవి, మంచె మీదికి పోయేవి కావు. ఆ తర్వాత ఒక్క కోడి కూడా చచ్చేది కాదు.

ఇది అత్తమ్మకు ఎట్లా చెబుతావో నాకు తెలియదు. నా పుస్తకాల్లో ఆ అధ్యాయం లేదు. కానీ చెప్పాలి. ఊరికే కోళ్ళు బతికితే సరిపోదు.

తమ్ముడు

*

హసన్‌పర్తి
5 ఆగస్టు

చిరంజీవి తమ్ముడికి,

ఇన్నాళ్ళు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. రాసేటంత తీరిక, రాసేటంత మనశ్శాంతి ఇప్పుడే దొరికాయి.

నీ ఉత్తరం అత్తమ్మకు చదివి వినిపిద్దామనుకుని మళ్ళీ వద్దనుకున్నాను. చదువుకున్న పిల్లగాడు ఏవో రాస్తాడు అంటుంది. చెయ్యి పట్టుకుని మంచె దగ్గరికి తీసుకుపోయాను. "ఏందే, ఈ ఎండల నన్నెటు గుంజుకపోతానవ్" అంటూనే వచ్చింది. కూర్చోబెట్టాను. పురుగు రాలింది, కోళ్ళు ఎగబడ్డాయి. చాలాసేపు చూసింది. అప్పుడు చెప్పాను, గంపల సంగతి, బ్లేడు సంగతి, సీసా సంగతి, అన్నీ. నేను మాంసం కోశానంటే మీద పడుతుందనుకున్నాను. పడలేదు. పైన మంచె వైపు చూసింది, కింద కోళ్ళ వైపు చూసింది.

"మరి చిలుకమ్మ?" అంది.

లేచి ఇంట్లోకి పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మంచె పీకించాం. మట్టి తీయించాం. ఆ వారంలోనే పడడం ఆగిపోయింది. అందరూ సంబరపడ్డారు, అత్తమ్మ తప్ప. ఒకరోజు పొద్దున్నే తలస్నానం చేసి, "స్టేషన్ ఘన్‌పూర్‌కు బండి ఎప్పుడున్నదే?" అని అడిగింది. ఇద్దరం ప్యాసింజరు బండిలో పోయాం. రాజక్క ఇల్లు వెతికి పట్టుకునేసరికి చిలుకమ్మ వాకిట్లో కంది చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. కూర్చోమంది, నీళ్ళిచ్చింది. అత్తమ్మ ఆ నీళ్ళు తాగింది. ఆమె ఇంటి నీళ్ళు! నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

"తప్పైంది చిలుకమ్మా, నువ్వేం జెయ్యలే. ఇంటికి రా బిడ్డా" అంది అత్తమ్మ.

చిలుకమ్మ చేట కింద పెట్టింది. "మందు పెట్టిన అన్నరు గదా పెద్దమ్మా. గా మాట నాకొక్కదానికే ఇనబడ్డదా? అంగడంతా ఇనబడ్డది. నా పిలగాండ్లను బడిల గుడంగ అడిగిన్రు. గిప్పుడు నా శెవుల వచ్చి కాదంటే ఎట్లయితది? ఏ నోటితోని ఎక్కడ అన్నరో, గక్కడనే కాదనుండ్రి. అప్పుడు నేనే వస్త."

కోపం లేదు ఆ గొంతులో. అందుకే ఇంకా గట్టిగా తగిలింది. వచ్చేటప్పుడు బండిలో అత్తమ్మ కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. ఊరి పెద్దలు నమస్కారం పెట్టే మనిషి, అరవై దాటిన మనిషి, అంగట్లో నిలబడి అంటుందా? అనదు అనుకున్నాను. నీకు ఉత్తరం రాద్దామని కూర్చుని కూడా ఏం రాయాలో తెలియక లేచిపోయాను.

అంగడి రోజు వచ్చింది. అదే కూరగాయల వరస. అదే జనం. అత్తమ్మ వంకాయలు బేరమాడుతున్నదల్లా ఉన్నట్టుండి నిలబడి, "ఓ అవ్వల్లారా, జర ఇటు ఇనుండ్రి" అని కేక వేసింది. తూకం వేసేవాళ్ళు తక్కెడలు దించారు. "మా కోళ్ళను సంపింది చిలుకమ్మ కాదు. నేను. గద్దలకు పెడ్తాన్న అనుకున్న, కోళ్ళకే పెట్టిన. అంతా నా చేతుల మీదికెల్లే అయ్యింది. గా పిల్ల నిప్పసొంటిది. ఎవలన్న ఇంకోమాట అంటే నా ముందటికి రాండ్రి." అని చెప్పి, వంకాయలు కొనకుండానే ఇంటికి వచ్చేసింది. అంగడికి వచ్చినవాళ్ళే కబురు మోసినట్టున్నారు, మర్నాడు మొదటి బస్సుకు చిలుకమ్మ దిగింది. వచ్చీ రాగానే కడవలు చూసి, "గిట్లనేనా అమ్మా తోమేది?" అని నన్ను తిట్టింది. ఆ తిట్టు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను.

మొన్న ఒక కోడి చచ్చింది. రోగం కాదు, పాము కరిచింది. చిలుకమ్మ తెచ్చి వాకిలి అవతల పెట్టి నా మొహం చూసింది. కట్టెలు పేర్చాం గాని అగ్గి ఎవరు పెట్టాలని ఇద్దరం తటపటాయిస్తున్నాం. అత్తమ్మ వంటింట్లోకి పోయింది. పొయ్యి దగ్గర పెట్టుకునే అగ్గిపెట్టె తెచ్చింది, ఆమె తప్ప ఎవరూ ముట్టరాని పెట్టె. పుల్ల గీసింది, ఆరిపోయింది. మళ్ళీ గీసింది. చిలుకమ్మ రెండు చేతులూ ఆ చెయ్యి చుట్టూ గాలికి అడ్డం పెట్టింది. చేతికి చెయ్యి తగిలింది. అత్తమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

పొగ లేస్తుండగా ఒక గద్ద వచ్చి మంచె ఉన్నచోట చుట్టూ తిరిగింది. అత్తమ్మ తలెత్తి, "ఇయ్యాల నీకేం లేదు బిడ్డా, పో" అంది. అంటూ ఏడ్చింది.

అప్పటి నుంచి రోజూ ఒకటే అడుగుతోంది నన్ను. "నా చేత్తో పెట్టింది గద్దలు తిన్నయి గదనే. గా ఇసం వాటికి గూడ ఎక్కినట్టేనా? ఎన్ని సచ్చినయో, ఎక్కడ పడి సచ్చినయో. మీ తమ్మునికి రాసి అడుగు." అరుగు మీద కూర్చుని ఆకాశం చూస్తూ ఉంటుంది. మీ సారును అడిగి నిజమే రాయి. ఊరడింపుకు రాస్తే ఆమెకు తెలిసిపోతుంది.

నీ అక్క
విజయలక్ష్మి

*

(కార్డు)

హైదరాబాదు
13 ఆగస్టు

పూజ్యులైన అత్తమ్మ గారికి సారంగపాణి నమస్కారాలు. అక్క చదివి వినిపిస్తుంది.

మీరు అడిగింది మా సారును అడిగాను. కుళ్ళిన మాంసం తిని బతికే పక్షులకు ఈ విషం పెద్దగా ఎక్కదని రాబందుల మీద, కాకుల మీద పరీక్షించి చూసినవాళ్ళు రాశారట. ఎందుకు ఎక్కదో ఇంకా ఎవరికీ సరిగా తెలియదు. గద్దల మీద చూసినట్టు మాత్రం మాకు ఎక్కడా కనబడలేదు. కాబట్టి పుస్తకం చూసి మీకు జవాబు చెప్పలేను. ఆ మంచె మీద తిన్న గద్దలను ఏప్రిల్ నుంచి రోజూ చూసింది మీరొక్కరే. అవి తగ్గాయా? మొన్న పొగ మీద తిరిగింది కొత్తదా, పాతదా? ఈ సంగతి మా సారు కూడా తెలుసుకోవాలంటున్నారు. మీరు చూసి చెప్పండి, మేం రాసుకుంటాం.